పిన్ని కడుపులోని పాపకు నిప్పు ఎవరిచ్చారు?

చిరంజీవులు లాస్యకు, ధ్రువకు చెన్నై మాంబళం నుంచి తాతయ్య ఆశీస్సులు.

పిన్ని సీమంతం నాడు ఆమె నాలుగు మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చోవడం చూసి, "ఏ పనీ చేయని పిన్నికి ఇంత అలసట ఎందుకు తాతయ్యా?" అని లాస్య అడిగింది. పేరంటాండ్ర సందడిలో జవాబు చెప్పడం కుదరలేదు కనుక ఇప్పుడు రాస్తున్నాను.

పిన్ని పని చేయడం లేదనుకోవడం పొరపాటు. కూర్చున్నా సరే, ఆమె గుండె మామూలుకన్నా మూడో వంతుకు పైగా ఎక్కువ రక్తాన్ని తోడుతోంది. ఒంట్లోని రక్తమే దాదాపు సగం పెరుగుతుంది. బిడ్డకు ఆహారం అందించే మాయ నెలలు నిండేసరికి అరకిలో బరువు తూగుతుంది. గర్భసంచికి చేరే ప్రాణవాయువులో పెద్ద వాటాను అదే వాడుకుంటుంది.

ఇంత పనికీ శక్తినిచ్చేవి కణాలలోని మైటోకాండ్రియాలు. వాటిని కుంపట్లనుకోండి. మనం తిన్న అన్నం బొగ్గులు, పీల్చిన ప్రాణవాయువు విసనకర్ర గాలి, వచ్చే సెగ ఏటీపీ అనే పదార్థం. 1929లో ఈ ఏటీపీని కనుగొన్నవారిలో మనవారొకరు ఉన్నారు. భీమవరంలో పుట్టి, ఇక్కడి మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి దానిని గుర్తించారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా గుర్తించాడు. పిన్ని మింగే మాత్రలోని ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించినవారు కూడా సుబ్బారావు గారే. సెంట్రల్ స్టేషనుకు వెళ్లినప్పుడు ఆ కళాశాల వైపు ఒకసారి చూడండి.

నా చిన్నతనంలో, గూడూరు దగ్గర మా ఊళ్లో, అగ్గిపుల్ల దండగని మా అమ్మమ్మ రాత్రిపూట నిప్పుల మీద బూడిద కప్పి ఉంచేది. తెల్లవారి ఊదితే అవే రాజుకునేవి. ఆరిపోయిన రోజున నా చేతికి పిడక ఇచ్చి పక్కింటికి నిప్పుకు పంపేది. దారిలో గోలీలాట చూస్తూ నిలబడితే పిడక కాలుతూ వచ్చి వేళ్లు చురుక్కుమనేవి. మీ పిన్ని అండాలలోనూ నిప్పు అలాగే దాగి ఉంది. ఆమె పుట్టకముందే, మీ అమ్మమ్మ కడుపులో ఉండగానే అవి తయారయ్యాయి. మరి ముప్పై ఏళ్లు చెడకుండా ఎలా ఉన్నాయి? తొలిదశలోని అండాలు శక్తి తయారీలో మొదటి మెట్టయిన ఒక ప్రోటీన్ల సముదాయాన్ని అసలు కట్టుకోకుండానే ఉండి, హానిచేసే పొగ, అంటే కణాన్ని దెబ్బతీసే వ్యర్థాలు, పుట్టకుండా చూసుకుంటాయని 2022లో బార్సిలోనా శాస్త్రజ్ఞులు చూపించారు. నివురుగప్పిన నిప్పు అంటే అదే గదా!

పక్వమైన ఒక్క అండంలో లక్షకు పైగా కుంపట్లుంటాయి. శుక్రకణంలో ఉండేవి కొన్ని పదులే. అవి దాని మెడ చుట్టూ చుట్టుకుని, ఈదడానికి బలమిస్తాయి. రెండూ కలిశాక తండ్రి వైపు కుంపట్లను అండం తానే ఏరి నాశనం చేస్తుంది. మొదటి కొద్ది రోజులు పిండం కొత్త కుంపట్లను పెట్టుకోదు. కణం రెండైనా, నాలుగైనా, ఎనిమిదైనా తల్లి ఇచ్చినవే పంచుకుంటుంది. కనుక ఆ నిల్వ బలహీనంగా ఉంటే పిండం ముందుకు సాగడం కష్టమవుతుంది. వయసు ముప్పై అయిదు దాటేకొద్దీ కుంపట్లలో సెగ తగ్గి పొగ పెరుగుతుంది. వంశ లక్షణాలను మోసే క్రోమోసోములను సరిసమానంగా పంచే పని తడబడుతుంది. గర్భం నిలవకపోవడానికి ఉన్న అనేక కారణాలలో ఇదొకటి. మగవారి వైపు కారణాలూ ఉంటాయి, పొగాకు శుక్రకణాల చురుకును తగ్గిస్తుంది. అయినా మన చుట్టాలిళ్లలో "ఇంకా విశేషమేమీ లేదా?" అని కోడలినే నిలదీస్తారు. మీరు పెద్దయ్యాక ఎవరినీ అలా అడగకండి.

కుంపటికి గాలి అందాలంటే ఇనుము కావాలి. రక్తంలో ప్రాణవాయువును మోసేది అదే, మైటోకాండ్రియా లోపలి యంత్రాంగంలోనూ అదే ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణులలో నూటికి 52 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అందుకే ప్రభుత్వం గర్భిణులకు 180 రోజులపాటు ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలు ఇస్తోంది. ధ్రువా, పిన్నికి మాత్ర అందించే పని నీది కదా. ఫిల్టర్ కాఫీతో పాటు ఇవ్వకు, కాఫీ ఆ ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. నిమ్మరసంతో ఇస్తే మంచిది.

ఇంకొక సంగతి. మా అమ్మ నాకిచ్చిన నిప్పు, మగవాణ్ని కనుక, నాతోనే ఆగిపోతుంది. మీ ఇద్దరిలో వెలుగుతున్నది మీ అమ్మమ్మది, ఆమె అమ్మది, ఆ అమ్మ అమ్మది. ఈ వరుస ఎంత వెనక్కు వెళ్తుందో తలచుకుంటే నాకు వివరించాలన్న కోరిక పోయి, ఊరికే ఆశ్చర్యపోవాలనిపిస్తుంది. సెలవులకు వచ్చినప్పుడు అమ్మమ్మ దగ్గర కూర్చుని ఆ పేర్లన్నీ అడిగి ఒక పుస్తకంలో రాయండి. తాతల పేర్లు తద్దినాల రోజున వినిపిస్తూనే ఉంటాయి కాని, ఇవి అడిగితే తప్ప దొరకవు. ప్రతి తరానికీ ఇంటిపేరు మారుతూ ఉంటుంది కాబట్టి పక్కనే ఊరి పేరు కూడా రాసుకోండి.

మీ తాతయ్య