బుడమేరు ముంపు గీత ఎక్కడ పడాలి? అపోహలు - వాస్తవాలు

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరదకు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీట మునిగాక బెజవాడలో ముంపు మ్యాపుల గురించి మాట్లాడేవాళ్లు పెరిగారు. ఇది మంచిదే. అయితే ఆ మాటల్లో కొన్ని స్థలం కొనేవాళ్లను, ప్లాను వేసేవాళ్లను నేరుగా నష్టపరుస్తాయి.

అపోహ: వందేళ్ల వరద మొన్ననే వచ్చింది, మన తరానికి ఇక భయం లేదు.

వాస్తవం: ఏ ఏడాదిలోనైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరదనే వందేళ్ల వరద అంటారు. మొన్న వచ్చిందని వచ్చే ఏడు రాకూడదని లేదు. 30 ఏళ్ల ఇంటి అప్పు తీరేలోపు అది కనీసం ఒకసారి వచ్చే అవకాశం 26 శాతం. పాతికేళ్ల వరదకైతే (ఏ ఏడాదైనా నూటికి నాలుగు వంతుల అవకాశం ఉన్నది) దాదాపు 71 శాతం.

అపోహ: కృష్ణ పొంగితేనే బెజవాడకు ముంపు.

వాస్తవం: బుడమేరు మైలవరం వైపు కొండల నీళ్లతో వస్తుంది. వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర కొంత నీటిని డైవర్షన్ ఛానల్‌లోకి మళ్లించి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. పాత పాయ ఊరికి ఉత్తరంగా సాగి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కింద నుంచి దాటి కొల్లేరు చేరుతుంది. 2024లో ఛానల్ ఎడమ కట్టకు గండ్లు పడి ఆ నీరు ఊరి మీదికి వచ్చింది.

అలాగని కృష్ణను లెక్కలోంచి తీసేయకూడదు. ఆ వరదలో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. నది మట్టం అంత పైన ఉంటే ఛానల్ నీరు దిగదు, వెనక్కి ఎగదన్నుతుంది. నీరు ఎక్కడిదాకా వస్తుందో లెక్కగట్టే కంప్యూటర్ మోడల్‌లో దిగువ చివర నది మట్టం ఇవ్వకుండా వాలును మాత్రమే ఇస్తే ముంపు తక్కువగా కనిపిస్తుంది. అందుకే బుడమేరు నిండుగా, కృష్ణ మధ్యస్థంగా ఉన్నట్టు ఒకసారి, కృష్ణ నిండుగా, బుడమేరు మధ్యస్థంగా ఉన్నట్టు మరోసారి నడిపి, ప్రతి చోటా ఎక్కువ వచ్చిన మట్టాన్నే తీసుకోవాలి. పాత పాయకు కొల్లేరు మట్టంతోనూ ఇదే పని చేయాలి.

అపోహ: శాటిలైట్ ఎత్తులు ఉన్నాయి కదా, మళ్లీ సర్వే ఎందుకు?

వాస్తవం: మ్యాపు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఉచితంగా దొరికే 30 మీటర్ల గడుల ఎత్తుల్లో మీటర్ల కొద్దీ తేడా ఉంటుంది. పైగా డాబా కప్పులను, చెట్ల తలలను నేలగా చూపిస్తాయి. బెజవాడ లాంటి చదునైన నేల మీద అర మీటరు తేడాకే నాలుగు వీధులు ముంపులోకి వస్తాయి, లేదా బయటికి పోతాయి. నేలకు లైడార్, అంటే పైనుంచి లేజర్ కిరణాలతో ఎత్తులు కొలిచే సర్వే, కావాలి. అయితే సాధారణ లైడార్ మురికి నీటి కింద, గుర్రపు డెక్క కింద వాగు అడుగును చూడలేదు. అక్కడ పడవలో వెళ్లి అడ్డకోతలు, అంటే ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డు దాకా లోతులు, కొలవాల్సిందే. ఊరిలో 50 నుంచి 100 మీటర్లకు ఒకటి, ప్రతి వంతెనకు ఎగువన రెండు, దిగువన రెండు తీయాలి. వంతెన దగ్గర దూలం అడుగు మట్టం, రోడ్డు మట్టం, స్తంభాల మందం, వాటి మధ్య పేరుకున్న పూడిక, అడ్డంగా వేసిన నీటి పైపులు అన్నీ రాసుకోవాలి. డ్రాయింగులో ఉన్న ఖానా (స్తంభాల మధ్య నీరు పోయే ఖాళీ) సైజునే మోడల్‌లో పెట్టేస్తే పూడిక లెక్కలోకి రాదు.

కాలువ గరుకుదనం నీటిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే మానింగ్ ఎన్ విలువ కూడా అంతే ముఖ్యం. శుభ్రమైన మట్టి కాలువకు 0.03 వాడతాం. గుర్రపు డెక్క కమ్మి అది 0.06 అయితే అదే కోతలో, అదే మట్టంలో పారే నీరు సగమైపోతుంది.

ఇంకో చిక్కు ఎత్తుల ఆధారం. జీపీఎస్ ఇచ్చే ఎత్తుకు, సముద్ర మట్టం నుంచి లెక్కించే కాలువ మట్టాలకు మన ప్రాంతంలో పదుల మీటర్ల తేడా ఉంటుంది. రెంటినీ సరిచేయకుండా కలిపితే మ్యాపు మొత్తం తప్పే.

అపోహ: నిబంధన ప్రకారం వాగుకు 9 మీటర్లు వదిలాం, ఇక ముంపు రాదు.

వాస్తవం: 2017 భవన నిర్మాణ నిబంధనల్లోని 9 మీటర్లు, 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగుల హద్దు నుంచి వదలాల్సిన దూరం. అది నేల మీద దూరమే కానీ నీటి మట్టం కాదు. పల్లపు నేలలో కిలోమీటరు అవతల కూడా మునగొచ్చు.

అపోహ: స్థలాన్ని మెరక చేసుకుంటే సరి.

వాస్తవం: ముంపు ప్రాంతం వేరు, ఫ్లడ్‌వే వేరు. వరద నీరు నిలిచే మేరంతా ముంపు ప్రాంతం. అందులో నీరు లోతుగా, వేగంగా నడిచే దారి ఫ్లడ్‌వే. దాన్ని తేల్చడానికి మోడల్‌లో రెండు ఒడ్లనూ మెల్లగా లోపలికి జరుపుతూ, మట్టం ఎక్కడ అనుమతించిన మేరకు పెరుగుతుందో చూస్తారు. అమెరికాలో ఆ పరిమితి ఒక అడుగు. చదునైన మన ఊరికి అడుగు చాలా ఎక్కువ, ఎన్నో ఇళ్ల గడపలు దాటేస్తుంది. ఫ్లడ్‌వేలో మెరక వేస్తే నీరు ఎగువ వీధిలోకి ఎగదన్నుతుంది. దాని బయట వేసినా నీరు నిలిచే చోటు తగ్గి, దిగువకు ఉద్ధృతి పెరుగుతుంది.

అపోహ: కట్ట బలపరిచారు, ఇక మ్యాపులోంచి తీసేయొచ్చు.

వాస్తవం: కట్ట ఉన్నట్టు, గండి పడినట్టు రెండు మ్యాపులూ వేయాలి. కట్ట లోపల కురిసిన వాన బయటికి పోయే తూములు, పంపులు కూడా లెక్కలో ఉండాలి.

మ్యాపు వచ్చాక దాన్ని సరిచూసేది గోడల మీది బురద గీతలతోనే. బయటి గోడ కన్నా లోపలి గది గోడ మీది గీత నమ్మదగింది, ఎందుకంటే బయట పడవల అలలు గీతను పైకి చూపిస్తాయి. గీత పక్కన పెన్సిలు గుర్తు పెట్టి, తేదీ వేసి, టేపు కనిపించేలా ఫొటో తీసి, దగ్గరి బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) నుంచి ఆటో లెవల్ అనే సర్వే పరికరంతో మట్టం తేవాలి. గోడకు వెల్ల పడకముందే చేయాల్సిన పని ఇది. రంగు వేసేశాక ఆ కొలత మళ్లీ దొరకదు.