నాయనమ్మకి పరీక్షలు పెట్టొద్దు

పిల్లలూ,

మొన్న సంక్రాంతికి మీరొచ్చి పోయినప్పట్నించీ రాయాలనుకుంటా ఉన్నా, ఇయ్యాల్టికి కుదిరింది. మీరంతా నాయనమ్మ మంచం చుట్టూ చేరి ఒకరి తర్వాత ఒకరు "నాయనమ్మా, నేనెవరో చెప్పు చూద్దాం" అన్నారు గదా, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోని నవ్వింది చూడండి, అది నవ్వు కాదురా. జవాబు రాని పిల్లోడు క్లాసులో లేచి నిలబడి నవ్వుతాడే, అది. తిడదామని రాయట్లేదు, మూడేళ్లు నేనూ అదే పని చేశా. నాకు బుద్ధొచ్చింది మేడ మీద పోర్షన్లో అద్దెకుండే పాపని చూసి.

ఆ పాప కావలిలో డిగ్రీ చదువుకుంటా కథలు రాస్తా ఉంటది. సారా ఉద్యమం మీద ఒక కథ రాయాలని, నాయనమ్మది కలిగిరి పక్క పల్లె అని ఎవరో చెబితే నోట్‌బుక్ పట్టుకోని కిందకి దిగింది. మీకు ఆ సంగతి తెలీదేమో. 1991 ప్రాంతంలో మన నెల్లూరు జిల్లాలో రాత్రిబడులు పెట్టారు, పగలంతా కూలికి పొయ్యొచ్చిన ఆడోళ్లు రాత్రి పలకలు పట్టుకోని అఆలు దిద్దారు, ఆ వాచకంలోనే సారాకి తగలేసే మొగుళ్ల మీద పాఠం ఒకటుంది. దూబగుంటలో రోశమ్మ వాళ్లు సారా కొట్టు మూయించారు, అది ఊరూరికీ పాకింది, చీపుర్లు కారప్పొడి పట్టుకోని సారా బండ్లకి అడ్డంపడ్డారు, చివరికి 1993 అక్టోబర్ 1 నించి రాష్ట్రమంతా సారా బంద్. మీ నాయనమ్మ నలభై దాటినాక సంతకం నేర్చుకునింది ఆ బడిలోనే.

నేను పాపకి ముందే చెప్పా, మా అమ్మకి ఆల్జీమర్స్ అని మతిమరుపు జబ్బు అమ్మణ్ణీ, పొద్దున తాగిన కాఫీ కూడా గుర్తుండదు, నీ టైం వేస్ట్ అని. ఈలోగా అమ్మ ఆ పిల్లని చూసి "వచ్చినావంటే చెల్లీ, ఎన్నాళ్లకి" అని చెయ్యి పట్టుకునింది. మా పిన్ని పోయి పదేళ్లు. అంతకుముందు అమ్మ పిన్నిని తల్చుకున్న ప్రతిసారీ నేను "చచ్చిపోయిందమ్మా, నువ్వే గదా ఏడ్చింది" అనేవాణ్ణి, ఆమె అప్పుడే కబురొచ్చినట్టు మళ్లీ మొదటినించీ ఏడ్చేది. నిజం చెప్తున్నా అనుకున్నా గానీ ఒకే చావుని ఆమెకి ఇరవైసార్లు చూపించా. ఆ పాప అవునూ అన్లేదు, కాదూ అన్లేదు. పక్కన కూర్చోని "మీ చెల్లి సంగతులు చెప్పవ్వా" అనింది. అంతే, గంటన్నర.

ఎందుకట్టా అంటే, మెదడులో లోపలికి హిప్పోకాంపస్ అని చిన్న భాగం ఉంటది, రెండు పక్కలా. కొత్తగా జరిగినదాన్ని దాచిపెట్టడంలో ముఖ్యమైన పని దానిది. ఈ జబ్బు మామూలుగా ముందు ఆ దగ్గర్లోనే మొదలుపెడతది, అందుకే మధ్యాన్నం తిన్న అన్నం పోతది, ముప్పై ఏళ్ల కిందటిది మాత్రం చాలాకాలం నిలబడతది. 1906లో జర్మనీలో ఆల్జీమర్ అనే డాక్టర్ మొదట ఈ జబ్బు గురించి చెప్పాడు, ఆయన పేరే పెట్టారు. ఇంకోటి, మతిమరుపంతా ఇదే కాదు. బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా ఇట్టాగే కనపడొచ్చు, మందులిస్తే తగ్గేది కూడా ఉంటది, అందుకని ముందు రక్తపరీక్షలు చేయించాలి. మాకు మొదట చూసిన డాక్టర్ "వయసమ్మా" అని పంపించేశాడు, ఏడాది పోయింది.

సరే, కథలోకి వస్తా. అమ్మ "ఆ ఏడు పాట ఆపేశాం" అంటే పాప ఏ పాటవ్వా, పాడు అనింది! పాటంటే సారా అమ్ముకునే హక్కుకి సర్కారు పెట్టే వేలంపాట అని నేను చెప్పాల్సొచ్చింది. నెల్లూరులో ఆ వేలాలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి గదా, అది. ప్రతి ఆదివారం పాప రాసింది చదివి వినిపిస్తది, అమ్మకి ప్రతిసారీ కొత్తే, ప్రతిసారీ దిద్దుతది. ఒకసారి సారా ప్యాకెట్లు చించింది కల్లం కాడ అంటది, ఇంకోసారి చెరువు కట్ట మీద అంటది. అమ్మ అబద్ధాలు చెబుతా ఉందేమోనని నేను సిగ్గుపడ్డా. అబద్ధం కాదు, మధ్యలో చెరిగిపోయిన చోట మెదడే ఏదో ఒకటి పూడ్చుకుంటది, ఆమెకి అదే నిజం. పాప రెండూ రాసుకుంటా ఉంది, అందుకే కథ ఏడాదైనా అవలేదు.

పగలు ఉన్నంత బాగా సాయంత్రం ఉండదు అమ్మ. ఐదు దాటితే ఊరికి పోతా అని గడప కాడ చెప్పులు వెతుకుతది. ఒకరోజు పాపని కూడా "ఎవరే నువ్వు, దొంగముండా" అనింది. పాప పైకి పోయి ఏడ్చింది, నేను చూశా. మర్నాడు మళ్లీ దిగింది.

పోయిన ఆదివారం మొదటి పేజీ చదువుతా ఉంటే అమ్మ ఆపి "ఎవరే ఆమె, గట్టి మనిషే" అనింది. తన కథేనని తెలీదు. పాప కథలో పేరు మార్చి పెట్టిందిలే, ఆ పేరు చెప్పింది. అమ్మ మూతి ముడిచింది. "ఆ పేరేం బాలేదు. నా పేరు పెట్టు" అనింది.

ఎండాకాలం సెలవులకి రండి. వచ్చేటప్పుడు స్వీట్లు తేవద్దు, షుగర్ కూడా ఉంది ఆమెకి.

మీ పెదనాన్న