మిద్దె తోటలో గంజాయి మొక్క: అపోహలు - వాస్తవాలు

మిద్దె తోటల మోజు పెరిగాక నాకొచ్చే ఫోన్లలో ఒక కొత్త రకం చేరింది. "సార్, అమ్మడానికి కాదు, తాగడానికీ కాదు. మావాడు సరదాగా ఒక కుండీలో గంజాయి మొక్క పెట్టాడట. దానికేమన్నా కేసవుతుందా?" అని. నేను ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల చట్టం) కేసులు వాదించే అడ్వకేట్‌ని. గంజాయి సాగు అనగానే అందరికీ విశాఖ ఏజెన్సీ, శీలావతి రకం గంజాయి, 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు తోటలకు తోటలు నరికించిన వీడియోలు గుర్తొస్తాయి. ఆ కొండమీద ఎకరానికీ మీ మిద్దె మీద కుండీకీ చట్టంలో సెక్షన్ మాత్రం ఒకటే. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

అపోహ: సొంతానికి ఒకటి రెండు మొక్కలైతే ఏమీ కాదు.

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో "హాబీ" అనే గది లేదు. సెక్షన్ 8 గంజాయి మొక్క సాగును నిషేధించింది. సెక్షన్ 20(ఎ) కింద సాగుకు 10 ఏళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. ఎన్ని మొక్కలు, ఎంత ఎత్తు, నేలలోనా గ్రోబ్యాగ్‌లోనా అన్న తేడా ఆ సెక్షన్‌లో కనిపించదు. అమ్మే ఉద్దేశం ఉందని నిరూపించాల్సిన పనీ లేదు.

అపోహ: కిలో లోపు అయితే చిన్న కేసే. పువ్వు రాకపోతే అసలు గంజాయే కాదు.

నా దగ్గరికొచ్చే వాళ్ళలో బాగా చదువుకున్నవాళ్ళు చెప్పే మాట ఇది. ఇంటర్నెట్‌లో చట్టం సగం చదివి వస్తారు. చదివిన సగం నిజమే. గంజాయి అంటే పూత లేదా కాయ ఉన్న కొసలు మాత్రమే, కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు దాని కిందికి రావు అని నిర్వచనంలో ఉంది. 2001 నోటిఫికేషన్ ప్రకారం గంజాయికి చిన్న పరిమాణం 1,000 గ్రాములు, వాణిజ్య పరిమాణం 20 కిలోలు. చిన్న పరిమాణం దగ్గర ఉంచుకుంటే ఏడాది వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

ఇదంతా 20(బి) సంగతి. అంటే దగ్గర ఉంచుకోవడం, అమ్మడం, కొనడం, రవాణా. సాగు 20(ఎ)లో విడిగా ఉంది, అక్కడ గ్రాముల లెక్క లేదు. "గంజాయి మొక్క" అన్న మాటకు చట్టం విడిగా ఇంకో నిర్వచనం ఇచ్చింది: కన్నాబిస్ జాతికి చెందిన ఏ మొక్క అయినా సరే. మగ మొక్క, ఆడ మొక్క, నాలుగు ఆకులు వేసిన నారు, అన్నీ అందులోకే వస్తాయి. కాబట్టి వింతగా కనిపించినా ఇది నిజం: అర కిలో ఎండు గంజాయి జేబులో దొరికినవాడికి గరిష్ఠ శిక్ష ఏడాది, కుండీలో జానెడు మొక్క పెంచినవాడికి పదేళ్లు. ఈ లెక్క న్యాయంగా ఉందని నేను అనను. కానీ చట్టం రాసింది ఇలాగే.

అయితే ఇదే నిర్వచనం డిఫెన్స్ వైపు కూడా పనికొస్తుంది. పోలీసులు మొక్కను వేర్లతో సహా పీకి, కాండం, ఆకులు, ఒక్కోసారి వేళ్ళకు పట్టిన మట్టితో కలిపి తూకం వేసి, మొత్తం బరువును "గంజాయి" అని పంచనామాలో రాసేస్తుంటారు. పెరటి నిండా మొక్కలుంటే ఆ తడి బరువు 20 కిలోలు దాటడం పెద్ద విషయం కాదు. దాటిందా, సెక్షన్ 37 వస్తుంది, బెయిల్ గగనమవుతుంది. అందుకే అలాంటి కేసు ఫైలు తెరవగానే నేను చూసేది మధ్యవర్తుల నివేదికలో (పంచనామానే ఇలా అంటారు) తూకం రాసిన ఆ ఒక్క పేరా. పూత ఉందా? కొసలు విడదీశారా? మట్టి దులిపారా? ఎవరి త్రాసు? ఈ నాలుగింటికి జవాబు రాసి ఉన్న నివేదికలు తక్కువ.

అపోహ: గింజలు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కాబట్టి నాటొచ్చు.

హెంప్ (గంజాయి జాతి మొక్కే) గింజలను తినే పదార్థంగా 2021లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతించింది. తినడానికే, నాటడానికి కాదు. విదేశీ వెబ్‌సైట్ల నుంచి "కలెక్టర్స్ సీడ్స్" (దాచుకోవడానికే అంటూ అమ్మే గంజాయి గింజలు) తెప్పించుకునే వాళ్ళకు ఇంకో తలనొప్పి ఉంది. నాటే విత్తనం ఏదైనా సరే, దిగుమతికి ప్లాంట్ క్వారంటైన్ నిబంధనలు వర్తిస్తాయి, పర్మిట్ కావాలి. పార్సిల్ మీద మీ పేరు, అడ్రస్, ఫోన్ నంబరు మీరే రాసిచ్చి ఉంటారు.

అపోహ: ఉత్తరాఖండ్‌లో పెంచుతున్నారు, తోటపనికి కేంద్రం అనుమతి కూడా ఉంది.

సెక్షన్ 14లో "ఉద్యాన అవసరాలు" అన్న మాట ఉన్న మాట వాస్తవమే. కానీ ఆ సెక్షన్ ప్రభుత్వానికి అనుమతి ఇచ్చే అధికారం మాత్రమే ఇస్తుంది. ప్రభుత్వ ఉత్తర్వు లేనిదే ఎవరికీ హక్కు రాదు. ఉత్తరాఖండ్‌లో జరిగేది లైసెన్సుతో, మత్తు పదార్థం అతి తక్కువగా ఉండే పారిశ్రామిక హెంప్ సాగు. కూకట్‌పల్లి బాల్కనీకి దానితో సంబంధం లేదు.

అపోహ: మొక్క కనిపిస్తే చాలు, ఇక శిక్ష ఖాయం.

ఇది ఎదుటి వైపు అపోహ. భయంతో మొక్క పీకి డ్రైనేజీలో వేసేవాళ్ళు, పక్కింటి ఖాళీ స్థలంలోకి విసిరేవాళ్ళు చాలామంది ఇది నమ్మే అలా చేస్తారు. సాగు అంటే నాటడం, నీళ్ళు పోయడం, పెంచడం. ఆ పని ఎవరు చేశారో ప్రాసిక్యూషన్ చూపించాలి. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ఒక కేసులో 2004లో సుప్రీంకోర్టు ఇదే చెప్పి నిందితుణ్ణి విడుదల చేసింది. ఆ స్థలం మీద కుటుంబంలో మరికొందరికీ హక్కుంది, గింజ పడి దానంతటదే మొలిచే అవకాశమూ ఉంది, ఇతనే పెంచాడనడానికి సాక్ష్యం లేదు అని.

అలాగని ధీమాగా ఉండకండి. మీరు సాగు చేసిన స్థలంలోనే మొక్క పెరుగుతోందని తేలాక, సెక్షన్ 54 కింద సంజాయిషీ చెప్పుకోవాల్సిన భారం మీ మీదకు మళ్ళుతుంది. ఖాళీ ప్లాటు మూలన మొలిచిన దానికీ, కోకోపీట్, ఎల్ఈడీ లైటు, టైమర్ పెట్టిన దానికీ తేడా ఏ జడ్జి గారికైనా కనిపిస్తుంది. ఇన్‌స్టాలో పెట్టిన ఫొటో ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

తనంతట తానే మొలిస్తే ఏం చేయాలి? తన భూమిలో అక్రమంగా సాగవుతున్న గంజాయి మొక్క ఉందని తెలిస్తే, భూమి ఉన్నవారు వెంటనే పోలీసులకో ఎక్సైజ్ వాళ్ళకో చెప్పాలని సెక్షన్ 46 అంటుంది. తెలిసీ చెప్పకపోతే అదే నేరం. ఎవరు వేశారో మొక్కను చూసి తెలియదు కాబట్టి నేను అన్ని సందర్భాల్లోనూ ఒకే సలహా ఇస్తాను: తేదీతో ఫొటో తీసి, రెండు లైన్ల కాగితం స్టేషన్లో ఇచ్చి, రసీదు తీసుకోండి.

అపోహ: అద్దెకున్నవాళ్ళు పెంచితే ఓనరుకేం సంబంధం?

తెలియకపోతే సంబంధం లేదు. తెలిసి ఊరుకుంటే సెక్షన్ 25 కింద ఓనరు మీదా కేసు పెట్టొచ్చు. బ్యాచిలర్లకు పెంట్‌హౌస్ ఇచ్చిన ఓనర్లు అద్దె ఒప్పందంలో ఒక లైను రాయించుకోవడం మంచిది, ట్యాంకు చూడ్డానికైనా అప్పుడప్పుడు పైకి వెళ్ళడం ఇంకా మంచిది.

అపోహ: వారెంట్ లేకుండా ఇంట్లోకి రాలేరు.

రాగలరు. సెక్షన్ 42 ప్రకారం అధికారమున్న అధికారి, అందిన సమాచారాన్ని రాసిపెట్టి, సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం లోపు వారెంట్ లేకుండా సోదా చేయొచ్చు. రాత్రి పూట అయితే, వారెంట్ తెచ్చేలోపు సాక్ష్యం పోతుందని నమ్మడానికి కారణాలు రాయాలి. కానిస్టేబుల్ ఒక్కడే వచ్చి ఈ సెక్షన్ కింద సోదా చేయలేడు. 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టం ప్రకారం సోదాను వీడియో తీయాలి. వాదించకండి, అడ్డుపడకండి, ఏం రాశారో చదవకుండా సంతకం మాత్రం పెట్టకండి.

అపోహ: అమెరికాలో లీగలే కదా!

అక్కడున్న మనవాళ్ళ తల్లిదండ్రులు అడుగుతుంటారు. కెనడాలో 2018 అక్టోబర్ 17 నుంచి ఇంటికి 4 మొక్కలు, క్యూబెక్‌లో మాత్రం కుదరదు. జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి అక్కడ నివాసముండే ఒక్కో పెద్ద వ్యక్తికి 3. అమెరికాలో రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో ఇంటికి 6 మొక్కలు పెంచొచ్చు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే న్యూజెర్సీలో షాపులో కొనొచ్చు గానీ ఇంట్లో పెంచితే క్రిమినల్ కేసు. టెక్సాస్‌లో రెండూ లేవు. వీటన్నిటి పైన ఫెడరల్ చట్టం ఇంకా నిషేధిస్తూనే ఉంది, వీసాలు చూసేది ఫెడరల్ ప్రభుత్వమే. హెచ్1బీ, గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్ళు రాష్ట్ర చట్టాన్ని నమ్ముకుని పెంచితే రేపు పౌరసత్వం దగ్గర "పెంచాను" అని ఒప్పుకున్న మాటే అడ్డం తిరగొచ్చు. 30 గ్రాముల లోపు సొంత వాడకానికి డిపోర్టేషన్ నుంచి ఉన్న చిన్న మినహాయింపు సాగుకు వర్తించదు. వెళ్ళాల్సింది అక్కడి ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరికి.

అపోహ: అయిదు వేళ్ళ ఆకు ఉంటే గంజాయే.

పక్కింటివాళ్ళ ఫిర్యాదుల్లో ఇది మామూలు. గోగు ఆకు దూరం నుంచి అచ్చం అలాగే ఉంటుంది. దగ్గరికెళ్తే కాండం మీద చిన్న ముళ్ళు, మధ్యలో ముదురు ఎరుపుతో పసుపు పువ్వు కనిపిస్తాయి. వామింటకూ అయిదు ఆకులే, అంచులు దాదాపు నున్నగా ఉంటాయి. కర్రపెండలం తుంచితే పాలు కారతాయి. గంజాయి ఆకు అంచు చుట్టూ రంపపు పళ్ళు వరసగా ఉంటాయి, నలిపితే ఘాటు వాసన. ఫిర్యాదు మీద పోలీసులు వస్తే మీ గోగు మొక్కను కంగారుపడి పీకేయకండి. కుండీని అలాగే ఉంచి ఆకు, కాండం, పువ్వు దగ్గరగా ఫొటోలు తీసుకుని, వ్యవసాయ శాఖ నుంచి ఎవరినైనా పిలిపించమని అడగండి.