గెట్ అంటే "పొందు" ఒక్కటేనా? మా స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పబట్టి పద్నాలుగేళ్లు దాటింది నాకు. హోటల్ రిసెప్షన్లో చేసే పిల్లోళ్లు, నర్సింగ్ అయిపోయి బయటి దేశాలకు పోవాలనుకునే అమ్మాయిలు, శ్రీసిటీ కంపెనీల్లో ఇంటర్వ్యూలకు రెడీ అయ్యేవాళ్లు, టాక్సీ తోలేవాళ్లు, పిల్లల హోంవర్క్ మనమే చూసుకుందామని వచ్చే తల్లులు, అన్ని రకాలవాళ్లూ వస్తారు. వీళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది పెద్ద పెద్ద పదాల దగ్గర అనుకుంటారు గానీ నేను చూసినంతవరకూ చిన్న గెట్ దగ్గరే ఆగిపోతారు. దాని మీద క్లాసులో మళ్లీ మళ్లీ వినే అపోహలు ఇక్కడ రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

అపోహ: గెట్ అంటే పొందు, గాట్ అంటే పొందాను. అంతే.

వాస్తవం: గైడ్లలో, స్కూలు పుస్తకాల వెనక పట్టికల్లో అట్లానే ఉంటుంది, తప్పని అననుగానీ దాంతో పని జరగదు. మనింట్లో ఎవరైనా "నేను జ్వరం పొందాను" అంటారా? "నాకు జ్వరం వచ్చింది" అంటాం. జీతం వచ్చింది, ర్యాంకు వచ్చింది, కోపం వచ్చింది, కొరియర్ వచ్చింది, నిద్రొస్తోంది, అన్నీ వచ్చుడే. మా క్లాసులో కొత్తగా చేరినవాళ్లు ఈ "వచ్చింది"ని పట్టుకుని నేరుగా కమ్ వేసేస్తారు, "ఫీవర్ కేమ్ టు మీ", "శాలరీ కేమ్", "యాంగర్ కేమ్" అని. ఇక్కడ చూడాల్సింది ఆ "నాకు" అనే మాట. తెలుగులో నాకు అని మొదలుపెట్టి చివర్లో వచ్చింది, దొరికింది, అందింది, అర్థమైంది అని ముగించే వాక్యం ఉందంటే, చాలాసార్లు ఇంగ్లీషులో ఆ నాకు కాస్తా ఐ అయిపోతుంది, వచ్చింది కాస్తా గాట్ అయిపోతుంది. నాకు జీతం వచ్చింది, ఐ గాట్ మై శాలరీ. నాకు కోపం వచ్చింది, ఐ గాట్ యాంగ్రీ. నాకు సర్వదర్శనం టోకెన్ దొరికింది, ఐ గాట్ ఎ టోకెన్. నాకు అర్థమైంది, ఐ గాట్ ఇట్. అన్నిట్లో పనికొస్తుందని కాదు, "నాకు ఈత వచ్చు" అనేదాంట్లో గెట్ రాదు, అక్కడ కెన్ వాడి ఐ కెన్ స్విమ్ అనాలి. కానీ పొందు అని బట్టీ కొట్టేదానికన్నా ఈ దారి వెయ్యి రెట్లు నయం.

ఇంకో దారి "పోవడం, అవడం". అలిసిపోయాను, ఐ గాట్ టైర్డ్. తడిసిపోయాం, వియ్ గాట్ వెట్. దారి తప్పిపోయాం, వియ్ గాట్ లాస్ట్. నాకు పెళ్లయింది, ఐ గాట్ మ్యారీడ్. ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయింది, హి గాట్ ట్రాన్స్‌ఫర్డ్. ముందున్న పరిస్థితి మారి ఇంకో పరిస్థితిలోకి పోతే గెట్ వస్తుంది, ఆ పరిస్థితిలో ఉన్నామని మాత్రమే చెప్పాలంటే ఐ యామ్ టైర్డ్, ఐ యామ్ మ్యారీడ్. పెళ్లి ఫలానా వాళ్లతో అయింది అని తెలుగులో అంటాం గదా, ఆ "తో" చూసి విత్ పెట్టేస్తారు, అక్కడ టు పెట్టాలి.

అపోహ: చేయించడం అనేదానికి ఇంగ్లీషులో మాట లేదు, ఎవరు చేసినా ఐ డిడ్ అంటే సరిపోతుంది.

వాస్తవం: దీని గురించి నేను ఎంతసేపైనా మాట్లాడగలను, ఎందుకంటే తెలుగువాళ్లం ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. మా స్టూడెంట్ ఒకాయన రేణిగుంట ఎయిర్‌పోర్ట్ నుంచి కొండకు టాక్సీ తోలతాడు. పోయినేడాది మొక్కు తీర్చుకుని గుండుతో డ్యూటీకి వచ్చినాడు. కార్లో కూర్చున్న విదేశీ ఆయన గుండు చూసి ఏమైందని అడిగితే ఈయన "యెస్టర్డే ఐ షేవ్డ్ మై హెడ్ ఇన్ తిరుమల" అని చెప్పినాడు. ఆయన కళ్లు పెద్దవి చేసి "బై యువర్‌సెల్ఫ్?" అన్నాడంట, అంటే మీ అంతట మీరే గీసుకున్నారా అని. సాయంత్రం క్లాసుకొచ్చి కూర్చోకముందే "సార్, నేను చెప్పిందాంట్లో తప్పేముంది?" అని అడిగినాడు.

గ్రామర్ తప్పేమీ లేదు నాయినా, మాటకు అర్థం మారిపోయింది అని చెప్పి బోర్డు మీద మూడు రాసినా. గుండు కొట్టాను. గుండు కొట్టించాను. గుండు కొట్టించుకున్నాను. కల్యాణకట్టలో పనిచేసే క్షురకుడు మొదటిది చెప్పుకోవచ్చు, బిడ్డకు పుట్టెంట్రుకలు తీయించిన తండ్రి రెండోది, టోకెన్ తీసుకుని పోయి తలొంచి కూర్చున్న భక్తుడు మూడోది. తెలుగులో ఒక "ఇంచు" తగిలిస్తే పని ఇంకొకరి చేతికి పోయింది, ఇంకో "కొను" తగిలిస్తే మళ్లీ మన ఒంటికి, మన ఇంటికి వచ్చింది. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి. ఇంగ్లీషులో ఏ క్రియకైనా ఇట్లా తోక తగిలించే వీలు లేదు, ఆ పనంతా గెట్ మోయాలి. ఐ గాట్ మై హెడ్ షేవ్డ్. గాట్, తర్వాత వస్తువు, తర్వాత క్రియకు మూడో రూపం, మా కోచింగోళ్ల భాషలో వీ త్రీ. మన "కొను" ఎక్కడికి పోయిందంటే ఆ మై లోకి పోయింది.

ఈ ఒక్క మూస చేతికొస్తే చూడండి ఎన్ని పనులవుతాయో. ఫోన్ రిపేర్ చేయించినా, ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్. ఆధార్ అప్‌డేట్ చేయించుకోవాలి, ఐ హావ్ టు గెట్ మై ఆధార్ అప్‌డేటెడ్. అమ్మకు బీపీ చూపించినా, ఐ గాట్ మై మదర్స్ బీపీ చెక్డ్. గెట్ బదులు హావ్ కూడా పెట్టొచ్చు, ఐ హ్యాడ్ మై హెడ్ షేవ్డ్, కొంచెం పద్ధతిగా వినిపిస్తుంది. ఫలానా మనిషితో చేయించాను అని ఆ మనిషిని కూడా చెప్పాలంటే మాత్రం జాగ్రత్త, గెట్ వాడితే మధ్యలో టు రావాలి, ఐ గాట్ ద మెకానిక్ టు చెక్ ద బ్రేక్స్. హావ్ వాడితే టు రాదు, ఐ హ్యాడ్ ద మెకానిక్ చెక్ ద బ్రేక్స్. మనవాళ్లు చాలామంది ఇక్కడ మేడ్ వాడతారు, "ఐ మేడ్ ద ప్లంబర్ కమ్" అని. అట్లా అంటే అవతలివాళ్లకు ప్లంబర్‌ను బలవంతంగా లాక్కొచ్చినట్టు వినిపిస్తుంది.

అపోహ: గెట్ అనేది చీప్ మాట, స్లాంగ్, చదువుకున్నవాళ్లు వాడకూడదు.

వాస్తవం: నేను చదువుకునేటప్పుడు మా సార్ ఒకాయన వ్యాసంలో గాట్ కనిపిస్తే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేవాడు. అప్పటి నుంచి చాలా ఏళ్లు నేను నోటితో కూడా గెట్ అనడానికి భయపడినా, రిసీవ్డ్, అబ్‌టెయిన్డ్ అని మాట్లాడేవాణ్ణి, అవతలివాళ్లకు నేను ఆఫీస్ లెటర్ చదువుతున్నట్టు ఉండేది. ఇప్పుడు అదే భయం నా స్టూడెంట్స్ కళ్లల్లో చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆఫీసుకు రాసే ఉత్తరంలో, రీసెర్చ్ పేపర్లో రిసీవ్, బికమ్, అబ్‌టెయిన్ పెట్టండి, బాగుంటుంది. మాటల్లో మాత్రం గెట్ లేకపోతే ఇంగ్లీష్ కుంటుతుంది. బయటి దేశాలకు పోవడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీష్ పరీక్ష రాసేవాళ్లకు కూడా ఇదే చెప్తా, రైటింగ్‌లో గెట్ తగ్గించి సరిగ్గా అతికే మాట వెతకండి, స్పీకింగ్‌లో దాన్ని చూసి పారిపోవద్దు.

అపోహ: ఇంగ్లీషు మాటలన్నీ లాటిన్ నుంచి వచ్చినవే, గెట్ కూడా.

వాస్తవం: గెట్ పడవలెక్కి వచ్చిన మాట. తొమ్మిదో శతాబ్దంలో డెన్మార్క్, నార్వే పక్క నుంచి వైకింగులు ఇంగ్లండ్ మీదికి దండెత్తి, చివరికి ఉత్తరాన, తూర్పున అక్కడే కాపురాలు పెట్టేసినారు. వాళ్లు మాట్లాడింది ఓల్డ్ నార్స్. అందులో గెటా అంటే సంపాదించడం, చేరుకోవడం, ఊహించడం కూడా. ఊర్లో పక్కపక్కనే బతికేసరికి ఆ మాట ఇంగ్లీషులోకి జారి, 1200 నాటికి రాతల్లోకి వచ్చేసింది. టేక్, కాల్, హిట్, రెయిజ్, వాంట్, ఆఖరికి దే, దెమ్ కూడా ఆ పక్క నుంచి వచ్చినవే. నాకు ఆశ్చర్యమనిపించేది ఇదే, వస్తువుల పేర్లు అరువు తెచ్చుకోవడం ఏ భాషకైనా తేలిక, క్రియలు తెచ్చుకోవడం కష్టం. మనమే చూడండి, డ్రైవ్ అనే మాటను తెచ్చుకున్నా దానికి చేయడం అని తగిలిస్తేనే మన నోట్లో తిరుగుతుంది. ఇంగ్లీషువాళ్లకు క్రియల్ని నేరుగా తెచ్చుకోవడం కుదిరిందంటే ఆ రెండు భాషలూ అక్కాచెల్లెళ్లు కాబట్టి.

ఓల్డ్ ఇంగ్లీషులో కూడా ఇదే వేరు ఉండేది, కానీ వట్టిగా కాకుండా ముందు ఏదో ఒకటి అతుక్కుని. బిగెట్ అంటే కనడం, ఫర్‌గెట్ అంటే మర్చిపోవడం, అసలు అర్థం పట్టు జారిపోవడం. ఇంకా వెనక్కి పోతే పట్టుకోవడం అనే అర్థమున్న పాత వేరు ఒకటుంది, లాటిన్ పక్క అదే పెరిగి ఇంగ్లీషులో కాంప్రిహెండ్, అప్రిహెండ్ అయింది. అంటే గెట్‌కు లాటిన్‌తో చుట్టరికం ఉందిగానీ, లాటిన్ దానికి తల్లి కాదు. అర్థం కావడాన్ని పట్టుకోవడంతో పోల్చడం మనకూ ఉంది గదా, చదువు వంటబట్టింది అంటాం. ఐ గాట్ ఇట్ అన్నా అదే.

అపోహ: గెట్‌కు మూడో రూపంగా గాట్ బదులు వాడే గాటెన్ అనేది అమెరికావాళ్లు పాడుచేసిన ఇంగ్లీష్.

వాస్తవం: కాదు. 1611లో ఇంగ్లండ్‌లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్లోనే గాటెన్ ఉంది. తర్వాత బ్రిటన్‌వాళ్లు దాన్ని చాలావరకు వదిలేసి గాట్‌తో సరిపెట్టుకున్నారు, అమెరికా పోయినవాళ్లు అట్టిపెట్టుకున్నారు. బ్రిటన్‌లో కూడా ఫర్‌గాటెన్ అలానే ఉంది. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి పోయే పెద్దవాళ్లు ఒక తేడా గుర్తుపెట్టుకుంటే చాలు, అక్కడ ఐ హావ్ గాట్ ఎ కార్ అంటే నాకు కారుంది, ఐ హావ్ గాటెన్ ఎ కార్ అంటే కారు సంపాదించుకున్నాను, కొనుక్కున్నాను.

అపోహ: డిడ్ యు గాట్ ఇట్? అని అడగొచ్చు.

వాస్తవం: అడగకూడదు. డిడ్ వచ్చిందంటే గతం దాంట్లోనే అయిపోయింది, తర్వాత గెట్టే.

అపోహ: బస్సు దిగడం అంటే గెట్ డౌన్.

వాస్తవం: మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, కండక్టరుకూ అర్థమవుతుంది, అందుకే దీన్ని నేను తప్పు అని కొట్టెయ్యను, ఇండియన్ ఇంగ్లీష్ అంటాను. దిగడం అంటే కిందికే గదా, అందుకే మనకు డౌన్ వచ్చింది. బయటివాళ్లకు మాత్రం గెట్ డౌన్ అంటే చెట్టు మీద నుంచో గోడ మీద నుంచో దిగమన్నట్టు, లేదా ఏదో ప్రమాదం వస్తోంది వంగిపో అన్నట్టు ఉంటుంది. వాళ్లతో మాట్లాడేటప్పుడు ఇట్లా చూసుకోండి, లోపల నిలబడి నడవగలిగే బండైతే, బస్సు, రైలు, విమానం, గెట్ ఆన్, గెట్ ఆఫ్. వంగి దూరి కూర్చునేదైతే, కారు, ఆటో, గెట్ ఇన్, గెట్ అవుట్. బైకు, గుర్రం మీద కూర్చుంటాం కాబట్టి మళ్లీ ఆన్, ఆఫే. మా టాక్సీ ఆయన గెస్టుకు ప్లీజ్ గెట్ అవుట్ అంటే గెంటేసినట్టు ఉంటుందేమో సార్ అని అడిగినాడు, ఆ అనుమానం సరైందే. ఒక్క గెట్ అవుట్ అని ఊరుకుంటే కటువుగానే ఉంటుంది, అందుకే యు కెన్ గెట్ అవుట్ హియర్, సర్ అని నెమ్మదిగా, డోరు తీసి పట్టుకుని చెప్పమన్నా. బస్సులో మీరైతే ఐ వాంట్ టు గెట్ ఆఫ్ ఎట్ లీలామహల్ సర్కిల్ అనండి, చాలు.