చేద తాడుకు రెండు బారలు

పిల్లకాయలారా,

మొన్న ఫోన్లో చిన్నోడు అడిగాడు కదా, "అవ్వా, మన తిరుపతికి తాగునీళ్లిచ్చే కల్యాణి డ్యాంలో నీళ్లు తగ్గాయంట, ఎన్నాళ్లకు అయిపోతాయి?" అని. అప్పుడు పొయ్యి మీద పాలుండి సరిగా చెప్పలేకపోయాను.

మా చిన్నప్పుడు ఈ లెక్క చేద తాడు చెప్పేది. చంద్రగిరి పక్కన మా ఊళ్లో, ఎండాకాలానికి మా బావికి ఎనిమిది బారల తాడు సరిపోయేది. రెండు చేతులు బార్లా చాపితే ఎంత పొడవో అంత ఒక బార. ఒక కరువు ఏడు మా నాయన ఇంకో రెండు బారలు ముడేశాడు. ఆ ముడి గిలకకు తట్టుకున్నప్పుడల్లా మా అమ్మ మొగం వాడిపోయేది.

డ్యాంకు తాడు లేదు, గోడ మీద అడుగుల గుర్తులుంటాయి. ఆ అడుగులు చూసి మోసపోకండి. వంటింట్లో మూకుడు తీసుకుని గ్లాసుతో నీళ్లు పోయండి. అడుగున ఒక అంగుళం నిండడానికి రెండు గ్లాసులు పడితే, పైన అంగుళానికి నాలుగైదు పడతాయి. డ్యాము కూడా కొండల నడుమ పెట్టిన మూకుడే. సగం ఎత్తు నీళ్లున్నాయంటే సగం నీళ్లున్నట్టు కాదు, చాలా తక్కువ. పైగా అడుగున బురద, దాన్ని తోడలేం.

అందుకే రోజుల్లో లెక్కేయాలి. 2024 ఆగస్టులో టీటీడీ వాళ్లు చెప్పిన అంకెలు నేను క్యాలెండరు వెనక రాసిపెట్టుకున్నాను. తిరుమల కొండ మీది డ్యాములు గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార, అయిదింటికీ కలిపి పట్టేది 14,304 లక్షల గాలన్లు. అప్పుడున్నది 5,800 లక్షలు. కొండ మీద రోజు వాడకం 43 లక్షలు. భాగించండి. నూట ముప్పై అయిదు రోజులకు కాస్త తక్కువ. వాళ్లు చెప్పింది 120 నుంచి 130. ఎండకు ఆవిరయ్యేదాన్ని మీ భాగహారం లెక్కలోకి తీసుకోదు మరి. మామూలుగా ఆ 43లో 18 లక్షలే కొండ మీది డ్యాములవి, మిగతావి కల్యాణి నుంచి పైకెక్కుతాయి. అంటే కల్యాణి ఎండితే దాహం తిరుపతితో ఆగదు.

ఇంకొకటి, ఈ సంగతి పేపర్లవాళ్లు కూడా మరిచిపోతుంటారు. 130 రోజులనే అంకె పక్కన నెల రాయకపోతే దానికి అర్థం లేదు. మన పక్క గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆగస్టులో 130 రోజులంటే డిసెంబరు చివరికి చేరతాం, ఈలోగా ఒక్క వాయుగుండం తగిలినా గండం గడిచినట్టే. జనవరిలో అదే అంకె అయితే మే నెల ఎండల్లో కుళాయి బుసకొడుతుంది.

అప్పుడు మనకు దిక్కు కండలేరు జలాశయం. నిండితే 68 టీఎంసీలు, ఒక్క టీఎంసీ అంటేనే 100 కోట్ల ఘనపుటడుగులు. కృష్ణ నీళ్లు శ్రీశైలం నుంచి సోమశిల మీదుగా అక్కడికి చేరతాయి. అందుకే మీ తాత టీవీలో శ్రీశైలం నీటిమట్టం వస్తే చాలు, మమ్మల్నెవర్నీ మాట్లాడనివ్వడు.

ఆదివారం వచ్చేటప్పుడు మీ అపార్ట్‌మెంటు సంపు ఎంత పడుతుందో, రోజుకు ఎంత తగ్గుతుందో కనుక్కుని రండి. వాచ్‌మన్‌ను అడగండి, మూత మాత్రం మీరు తీయొద్దు. మూకుడు కడిగి పెట్టుంటాను.

మీ అవ్వ