మత్తడి లేని చెరువు

హనుమకొండ

బిడ్డలూ,

"తాతా, మెరుపు పైకి పోకుండా కింది చుట్ట మీదికి ఎందుకు దూకింది?" అని అడిగారు కదా. మీరు చేసిన టెస్లా కాయిల్, అదే చిన్న మెరుపులు పుట్టించే యంత్రం, వీడియో మూడుసార్లు చూశాను. పైనున్న టోరాయిడ్, అంటే గారె ఆకారపు లోహపు చక్రం, నుంచి నీలం జడ ఒకటి వంగి వచ్చి కింది రాగి చుట్టను తాకింది. టప్ మంది, అంతే, చీకటి. కరెంటును దాచి ఒక్కసారిగా వదిలే కెపాసిటర్ పోయుంటుంది.

చెరువు నిండితే నీళ్లు పోవడానికి మత్తడి ఉంటుంది. లేకపోతే కట్ట ఎక్కడ బలహీనంగా ఉందో వెతుక్కుని అక్కడే తెంపుతాయి. మీ టెస్లా కాయిల్‌కు మత్తడి పెట్టలేదు.

మత్తడి ఇలా పెట్టండి. ఫ్రిజ్ మెకానిక్ దగ్గర సన్నటి రాగి గొట్టం దొరుకుతుంది. దాన్ని గుండ్రంగా వంచి, కింది చుట్టలో అన్నిటికన్నా బయటి వరుసకు కాస్త పైన, ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబెట్టండి. కొసలు మాత్రం కలపొద్దు. కడియానికి ఉన్నట్టు సందు వదలండి. కలిపితే అదీ ఒక చుట్టయిపోయి, కాయిల్ శక్తిని తాగి వేడెక్కుతుంది. దాని నుంచి మందపాటి తీగ నేరుగా భూమిలోకి పోవాలి. ఇంటి ఎర్త్‌కు కలిపారో, ఆ దెబ్బ మీ అమ్మ ఫ్రిజ్ దాకా వస్తుంది. పెరట్లో వేరే రాడ్ పాతి, రెండు బిందెల నీళ్లు పోయండి. టోరాయిడ్‌ను మోసే నిలువు పొడుగు చుట్ట అడుగు కొస కూడా ఆ రాడ్‌కే.

మా చిన్నప్పుడు ఊరి చెరువు మత్తడి దుంకిందంటే బడికి సెలవే. ఎదురెక్కే చేపల్ని తువ్వాలతో పట్టేవాళ్లం. ఒక ఏడు యాసంగికి నీళ్లు ఎక్కువ నిలవాలని పెద్దోళ్లు మత్తడి మీద ఇసుక బస్తాలు పేర్చారు. రెండు రాత్రులు ముసురు పట్టింది. తెల్లారేసరికి తూము అవతల గండి. మా నాటంతా మట్టి కింద పోయింది. బస్తాలు మోసిన వాళ్లలో మా నాయన ఒకడు. ఆ సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు.

అందుకే అడుగుతున్నా. కాయిల్‌కు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కొసల మధ్య, వోల్టేజి మితిమీరితే దూకిపోవడానికి పెట్టిన సందును, అదే సేఫ్టీ గ్యాప్‌ను, మెరుపు ఇంకా పొడుగు రావాలని జరిపిందెవరు? అదీ మత్తడే. సరే, పేరు చెప్పొద్దులే. ముందున్నంత ఎడం మళ్లీ పెట్టండి. ప్లగ్ పీకి, కెపాసిటర్ డిశ్చార్జ్ చేశాకే, అదీ మీ బాబాయి పక్కన ఉంటేనే చెయ్యి పెట్టండి.

నీళ్లు పల్లానికే పోతాయి. మెరుపు పైకీ, పక్కకీ దూకుతుంది. ఇక్కడికి నా చెరువు ఎండిపోయింది! మెరుపుకు దగ్గర దారి ముఖ్యం, అందుకే చుట్ట కన్నా ముందు ఆ రాగి గొట్టం రింగే దానికి ఎదురుపడాలి.

సాయంత్రం మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి వెళ్లి, కంచె బయటే నిలబడి చూడండి. 11,000 వోల్టుల తీగలు దిగే చోట పిడుగు దెబ్బను భూమిలోకి దింపే మూడు పొట్టి లైట్నింగ్ అరెస్టర్లు ఉంటాయి, వాటి అడుగు నుంచి తీగ భూమిలోకి పోతుంది. తీగలు ట్రాన్స్‌ఫార్మర్ లోపలికి దిగే పింగాణీ బుషింగుల మీద కొమ్ముల్లా ఎదురెదురుగా వంగిన కడ్డీలుంటే, మధ్యలో ఎడం ఎంతో కంటితోనే అంచనా కట్టి నాకు రాయండి.

మీ తాత