ఒక ఇంజిన్ ఆగితే విమానం పడిపోతుందా? అపోహలు - వాస్తవాలు

రాజమండ్రి, కడప వంటి ఊళ్లకు ఎక్కువగా తిరిగేవి రెండు ప్రొపెల్లర్ల ఏటీఆర్ 72 విమానాలు. మెట్లెక్కుతూ ఆ ఫ్యాను వైపు చూసి, ‘గాల్లో ఇది ఆగిపోతే?’ అని అడిగేవారు ఎందరో. వాటిని నడిపే పైలట్‌గా నా జవాబు ఇది.

అపోహ: ఒక ఇంజిన్ పోతే విమానం రాయిలా పడిపోతుంది.

వాస్తవం: పడదు. టేకాఫ్‌లో ఒక ఇంజిన్ పోయినా రెండోదానితో పైకెక్కి, తిరిగొచ్చి దిగగలదని నిరూపిస్తేనే ఇలాంటి విమానానికి అనుమతి దొరుకుతుంది. ప్రతి టేకాఫ్‌కూ వీ1 అనే వేగం ముందే లెక్కగట్టుకుంటాం. ఆ వేగం అందుకోకముందే ఇంజిన్ పోతే రన్‌వే మీదే ఆపేస్తాం. దాటాక పోతే ఎగురుతాం.

అపోహ: ఫ్యాను ఆగిందంటే పని అయిపోయినట్టే.

వాస్తవం: చెడిన ఇంజిన్ వైపు ఫ్యాను తిరగకపోవడమే మాకు కావాలి. దాని రెక్కలు మామూలు కోణంలో ఉండిపోతే గాలికి పళ్లెంలా అడ్డుపడి విమానాన్ని పక్కకు గుంజుతాయి. ఎదురుగాలిలో అట్టముక్కను అడ్డంగా పట్టుకుంటే చెయ్యి వెనక్కి పోతుంది, అంచు గాలివైపు తిప్పితే బరువే తెలియదు. రెక్కలను అలా తిప్పడమే ఫెదరింగ్. టేకాఫ్‌లో ఏటీఆర్ ఈ పని తానే చేసుకుని, రెండో ఇంజిన్ శక్తినీ పెంచుతుంది.

అపోహ: ఎంత వేగంగా చెయ్యి కదిపితే అంత మంచి పైలట్.

వాస్తవం: ఈ నమ్మకం ప్రాణాలు తీసింది. 2015 ఫిబ్రవరి 4న తైవాన్ సంస్థ ట్రాన్స్‌ఏషియా నడిపే 235వ నంబరు ఏటీఆర్ 72 విమానం తైపీ నుంచి కిన్‌మెన్ దీవికి బయలుదేరింది. లేచిన నిమిషంలోపే కుడి ప్రొపెల్లర్ దానంతటదే ఫెదర్ అయింది. నిజానికి ఇంజిన్ చెడలేదు, ఒక ఎలక్ట్రానిక్ యూనిట్‌లో కనెక్షన్ తెగి కలుస్తూ ఉంది. ఎడమ ఇంజిన్ నిక్షేపంగా నడుస్తోంది. కెప్టెన్ మాత్రం ఆ ఎడమ ఇంజిన్ శక్తిని తగ్గించే లీవరునే వెనక్కి లాగారు. ఆగండి, సరిచూద్దాం అని పక్క పైలట్ అన్నారు కూడా. అయినా కాసేపటికి ఆ మంచి ఇంజిన్‌నే ఆపేశారు. పొరపాటు తెలిసి మళ్లీ స్టార్ట్ చేశారు గానీ అప్పటికి ఎత్తు మిగల్లేదు. వంతెన మీద ట్యాక్సీని తాకుతూ విమానం కీలుంగ్ నదిలో పడింది. 58 మందిలో 43 మంది చనిపోయారు.

ఈ ప్రమాదం గురించి చదివిన ప్రతిసారీ నాకు ఆ పక్క సీటు మాటే వినిపిస్తుంది. సిమ్యులేటర్‌లో మేము సాధన చేసేది ఆ మాటనే. ఇంజిన్ పోగానే విమానాన్ని తిన్నగా ఉంచుతాం, చక్రాలు లోపలికి తీసుకుంటాం. కనీసం 400 అడుగులు ఎక్కేదాకా ఏ ఇంజిన్‌నూ ఆపే ప్రయత్నం చేయం. తర్వాత ఒకరు లీవరు మీద చెయ్యి వేసి ‘కుడి’ అంటారు. రెండోవారు ఇంజిన్ ఫ్యానును ఎంత బలంగా తిప్పుతోందో చూపే టార్క్ మీటరు చూసి, లీవరు చూసి ‘అవును, కుడి’ అంటారు. ఆ మాట వినబడేదాకా నా చెయ్యి లీవరు మీద ఊరికే ఆనుకుని ఉంటుంది.